పావురాన్ని కాసేపు పక్కన పెట్టు

చిట్టీ,

శాంతి, ఆశ మీద పోటీకని వేసి నువ్వు వాట్సాప్‌లో పంపిన బొమ్మ చూశాను. ఒకసారి కాదు, మూడుసార్లు. జూమ్ చేసి లెక్కపెట్టాను కూడా. భూగోళం, దాన్ని మోస్తున్న రెండు చేతులు, పావురం, దాని ముక్కున ఆలివ్ రెమ్మ, ఇంద్రధనుస్సు, కొవ్వొత్తి, పొద్దు పొడుస్తున్న సూర్యుడు, చేతులు కలిపిన పిల్లలు, తెగిన సంకెళ్లు, విరిగిన తుపాకి, అన్నిటికీ పైన "శాంతి – ఆశ" అని అక్షరాలు. మొత్తం పదకొండు!

నీకు చెయ్యి బాగా తిరుగుతోంది, అందులో అనుమానం లేదు. పిల్లల వేళ్లు అంత పొందికగా వెయ్యడం నాకు ముప్పై ఏళ్లు దాటితే గానీ రాలేదు. కానీ బొమ్మ మొత్తం చూస్తే సంక్రాంతి ముందు రోజు మన వైజాగ్ పూర్ణా మార్కెట్‌లా ఉంది. అందరూ అరుస్తున్నారు, ఎవరి మాటా వినపడట్లేదు. శాంతి బొమ్మలో ఇంత గోల ఏమిటే?

కోపం తెచ్చుకోకు. ఫోన్‌లో చెబితే సగం చెవిన పడి సగం జారిపోతుంది, అందుకే కాగితం తీశాను. పైగా ఈ తప్పులన్నీ నేను చేసినవే.

ఇంకా ఫ్లెక్సీలు రాని రోజుల్లో ఒక స్కూలు వాళ్లు పిలిచి, కాంపౌండ్ గోడ మీద శాంతి బొమ్మ వెయ్యమన్నారు. గోడంతా లేత నీలం ఆకాశం పూసి, నడిమధ్యన ఆరడుగుల తెల్ల పావురం వేశాను. నిచ్చెన మీద నిలబడి చూస్తే ఒక్కో ఈకా కనపడుతోంది, మురిసిపోయాను. సాయంత్రం రోడ్డుకి అవతల బడ్డీ దగ్గర టీ తాగుతూ తిరిగి చూస్తే పావురం లేదు. తెలుపు లేత నీలంలో కలిసిపోయింది. ముక్కూ, రెండు కాళ్లూ మాత్రం ఎర్రగా గాల్లో వేలాడుతున్నాయి. టీ కొట్టతను "ఆ ఎండుమిరపకాయలు ఎందుకేశావు గురూ?" అన్నాడు. డబ్బులు కూడా సగమే ఇచ్చారు. సగం ఇచ్చినందుకు ఇప్పటికీ నాకు కోపమే గానీ, మిరపకాయల మాట మాత్రం నిజం.

ఆ తర్వాత చాలా ఏళ్లకి ఒక పుస్తకంలో పికాసో అనే చిత్రకారుడి పావురం చూశాను. 1949లో పారిస్‌లో జరిగిన శాంతి మహాసభ పోస్టరుకి వాడిన బొమ్మ అది. నల్లటి నేల మీద తెల్ల పిట్ట, అంతే. వెనక ఆకాశం లేదు, మబ్బు లేదు. ఆ పిట్టని మనకి చూపిస్తున్నది దాని చుట్టూ ఉన్న నలుపే. మీ డ్రాయింగ్ మాస్టారు బోర్డు మీద రాయించారన్నావే, బ్యాలెన్స్, కాంట్రాస్ట్, రిథమ్, ఎంఫసిస్ అని, వాటిల్లో నాకు అన్నిటికంటే ఆలస్యంగా, అన్నిటికంటే ఖరీదుగా తెలిసింది కాంట్రాస్ట్, అంటే లేతకీ ముదురుకీ ఉండే తేడా. దీనికి పరీక్ష సులువు. బొమ్మని గోడకి ఆనించి పదడుగులు వెనక్కి వెళ్లి, కళ్లు చికిలించి చూడు. లేదా ఫోన్‌లో ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్ చెయ్యి. ముఖ్యమైనది అప్పుడు కూడా కనపడితే సరే. బూడిద ముద్దలా అయిపోతే రంగులు ఎన్ని మార్చినా లాభం లేదు, లేత ముదురులే మార్చాలి.

ఇప్పుడు ఆలివ్ రెమ్మ సంగతి. ఆలివ్ చెట్టు నువ్వెప్పుడైనా చూశావా? నేను చూడలేదు. చూడని ఆకు వేస్తే వేప రెమ్మలా వచ్చింది, తప్పు నీది కాదు. ఎవరో వాడి వాడి అరగదీసిన గుర్తుని తెచ్చి మన బొమ్మలో అతికిస్తే అది స్టిక్కరే అవుతుంది. అసలు గుర్తులు అలా పుట్టవు. టీషర్టుల మీద కనిపించే శాంతి గుర్తు తెలుసుగా, వలయంలో నిలువు గీత, దాని నుంచి కిందికి రెండు ఏటవాలు గీతలు. 1958లో బ్రిటన్‌లో అణ్వాయుధాలు వద్దని జరిగిన పాదయాత్ర కోసం జెరాల్డ్ హోల్టమ్ అనే డిజైనర్ గీశాడు దాన్ని. ఓడల మీద రెండు చేతుల్తో జెండాలు పట్టుకుని అక్షరాలు చెప్పే పద్ధతి ఉంది, సెమాఫోర్ అంటారు. రెండు చేతులూ కిందికి ఏటవాలుగా చాపితే 'ఎన్'. ఒకటి నిట్టనిలువుగా పైకీ, ఇంకోటి కిందికీ పెడితే 'డి'. న్యూక్లియర్ డిసార్మమెంట్ అనే రెండు మాటల మొదటి అక్షరాలవి. ఆ రెండు భంగిమలనీ ఒకదాని మీద ఒకటి పెట్టి చుట్టూ సున్నా చుట్టాడు. యుద్ధనౌకల భాషలోనే యుద్ధం వద్దని చెప్పాడన్నమాట! మీ క్లాసులో నేవీ వాళ్ల పిల్లలు ఉంటారుగా, ఆ రెండు అక్షరాలూ చేతుల్తో పట్టి చూపించమను. అందులో ఒక్క గీత కూడా ఊరికే పడలేదు. నీ బొమ్మలో ప్రతి వస్తువునీ వేలు పెట్టి చూపించి "నువ్వెందుకున్నావు?" అని అడుగు. జవాబు చెప్పలేనిదాన్ని తీసెయ్.

ఆశ అనగానే అందరూ ఆకుపచ్చ పూస్తారు. నువ్వూ పూశావు. హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నువ్వు చంటిపిల్లవి, నీకు గుర్తుండదు. 2014 అక్టోబరు 12, ఆదివారం. మర్నాడు తలుపు తీస్తే ఊరు మా ఊరిలా లేదు. కొండల మీద పచ్చదనం ఎవరో గీకేసినట్టు పోయింది. మా సందు చివర రావిచెట్టు నడుముకి విరిగి రోడ్డుకి అడ్డంగా పడింది. కొమ్మలు కోసుకుపోయారు, మొండెం మిగిలింది. నెల తిరక్కుండానే దాని పక్క నుంచి చిగురు వచ్చింది. దగ్గరికెళ్లి చూశాను. ఆకుపచ్చ కాదే చిట్టీ, రాగి రంగు! కొత్త రాగిచెంబుని చింతపండుతో తోమితే వచ్చే రంగు, అందులోంచి ఎండ పడితే గులాబి. నలభై ఏళ్లు బ్రష్ పట్టినవాణ్ణి, అప్పటిదాకా చిగురు అంటే లేత ఆకుపచ్చ అనుకుంటూనే వేశాను.

ఇక అసలు విషయం. నీ మెసేజ్‌లో బొమ్మ గురించి పది లైన్లు రాసి, చివర్లో ఏదో ఊసుపోక చెప్పినట్టు ఒక ముక్క రాశావు. స్కూలు వాళ్లు తెల్లవారుజామున బీచ్‌కి తీసుకెళ్లారనీ, తాబేలు పిల్లల్ని వదులుతుంటే చూశావనీ. "ముందు అన్నీ మా వైపే వచ్చేశాయి తాతయ్యా, ఫోన్ లైట్లు ఆపమన్నారు, ఆపగానే సముద్రం వైపు తిరిగాయి" అని. నీ బొమ్మ అదే! పదకొండు వస్తువులు పోగేసుకుని, చేతిలో ఉన్నదాన్ని వదిలేశావు.

ఆలివ్ రిడ్లీ తాబేళ్లు చలికాలం చివర్లో మన తీరానికొచ్చి, ఇసుకలో గొయ్యి తీసి ఒక్కోటి సుమారు వంద గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. దాదాపు ఏడు వారాలకి పిల్లలు బయటికొస్తాయి. సముద్రం మీద ఆకాశం నేల మీది కంటే కాస్త తెల్లగా ఉంటుంది, ఆ వెలుతురు వైపు నడుస్తాయి. ఊళ్లో లైట్లు దానికంటే ఎక్కువ వెలిగితే దారి తప్పి రోడ్డు వైపు వచ్చేస్తాయి. ఇప్పుడు చెప్పు, కొవ్వొత్తి వెలిగిస్తే శాంతి అని అందరూ వేస్తారు. ఇక్కడ పెద్దవాళ్లందరూ కలిసి దీపం ఆర్పితేనే ఆ చిన్న ప్రాణానికి దారి దొరికింది. ఇంకొకడి కోసం మనం కాస్త తగ్గి నిలబడటం కంటే శాంతికి మంచి బొమ్మ నాకు తోచట్లేదు.

ఎలా వెయ్యాలో నాకు తోచింది చెబుతాను, నచ్చకపోతే మార్చుకో. హాఫ్ షీట్, అంటే 15 అంగుళాలు 22 అంగుళాలు, నిలువుగా పెట్టు. పై నుంచి సుమారు ఐదు అంగుళాల దగ్గర సముద్రం గీత, స్కేలు పెట్టకుండా, కానీ అడ్డంగా, కుదురుగా. అడ్డగీత పడుకున్న మనిషిలాంటిది, చూస్తే మనసు నెమ్మదిస్తుంది. ఏటవాలు గీత నడుస్తున్న మనిషి. నీకు రెండూ కావాలి. గీత పైన లేత వెలుతురు, కింద అంతా చీకటి ఇసుక. సూర్యుణ్ణి వెయ్యకు, వెయ్యబుద్ధేసినా వెయ్యకు. వెలుతురు వస్తోందని తెలిస్తే చాలు.

తాబేలు పిల్ల అసలు సైజే నాలుగు సెంటీమీటర్లు ఉంటుంది. అదే సైజులో వెయ్యి. అప్పుడు నీ కాగితమే ఇసుక అవుతుంది, చూసేవాళ్లు తెలియకుండానే దగ్గరికి వంగుతారు. దాన్ని మధ్యలో పెట్టకు, ఎడమ అంచు నుంచి ఐదు అంగుళాల్లో, సముద్రానికి కొంచెం కింద ఉంచు. మధ్యలో పెడితే వచ్చి ఆగినట్టుంటుంది, పక్కన పెడితే ఇంకా వెళ్లాల్సింది ఉన్నట్టుంటుంది. కుడి కింది మూల నుంచి మనుషుల అడుగులు రెండు మూడు జతలు వచ్చి ఆగిపోవాలి. అవి ఆగిన చోటి నుంచి దాని జాడ మొదలవ్వాలి, రెండు వైపులా చిన్న చిన్న గాట్లు, కుట్టు వేసినట్టు. ఆ గాట్లే నీ రిథమ్, అంటే లయ. అన్నీ ఒకే దూరంలో వేస్తే జిప్పులా ఉంటుంది, కాబట్టి ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా, ఒకచోట అది పక్కకి ఒరిగినట్టు వెయ్యి. పెద్ద అడుగులు కుడిపక్క బరువుగా ఉంటాయి, ఎడమపక్క నాలుగు సెంటీమీటర్ల పిల్ల, దాని ముందు వెలుతురు. తూకం సరిపోతుందా అని భయపడకు, సరిపోతుంది. చిన్నదైనా ప్రాణమున్నదాని వైపే కన్ను వెళుతుంది. కావాలంటే పికాసోదే గుయెర్నికా చూడు. 1937లో యుద్ధం మీద వేసిన పాతికడుగుల బొమ్మ, అంతా నలుపు, తెలుపు, బూడిద, అంతా అరుపులు. కింద విరిగిన కత్తి పట్టుకున్న చేతి దగ్గర ఒక చిన్న పువ్వు ఉంటుంది. నాకది ఎవరూ చెప్పలేదు, వెతుక్కుంటే దొరికింది.

మిగిలిన జాగా ఖాళీగా వదిలెయ్. ఇదే అన్నిటికంటే కష్టం. "ఇక్కడ ఏదైనా వేస్తే బాగుంటుందేమో" అని చెయ్యి దురద పెడుతుంది. మీ అమ్మ కూడా మూడు కొండలు వెయ్యమంటోందట. మంచి ఆలోచనే, హార్బర్ దగ్గర రాస్ కొండ మీద మేరీమాత చర్చి, దర్గా కొండ, వెంకటేశ్వరస్వామి కొండ పక్కపక్కనే ఉండటం మన ఊరి భాగ్యం. కానీ అది ఇంకో బొమ్మ. ఎప్పుడైనా వేస్తే శిలువ, నెలవంక, నామం లేబుళ్లలా అంటించకు, మూడింటి మీదా పడే ఒకే ఎండని వెయ్యి. ఇందులో మాత్రం ఇరికించకు. అమ్మకి నేను చెబుతాలే.

రంగులు నాలుగు సీసాలు చాలు: ప్రష్యన్ బ్లూ (ముదురు నీలం), బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి గోధుమ), ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), తెలుపు. నలుపు కొనకు. మొదటి రెండూ కలిపితే నలుపు కంటే లోతైన చీకటి వస్తుంది, ఏది ఎక్కువైతే అటు వైపు చల్లగానో వెచ్చగానో తిరుగుతుంది. ఓకర్‌లో తెలుపు కలిపి సముద్రం మీది వెలుతురుకి మాత్రమే వాడు, ఇంకెక్కడా వద్దు. ఆ తాబేలు వీపు అంచున ఒక్క గీత తప్ప. పోస్టర్ కలర్ ఆరాక లేత రంగు కాస్త ముదురుతుంది, ముదురు రంగు కాస్త తేలిపోతుంది. అందుకని ముందు చిత్తుకాగితం మీద పూసి, ఆరాక చూసి, అప్పుడు షీటు ముట్టుకో. మన ఊరి ఉక్కలో ఆరడానికి టైమ్ పడుతుంది, తొందరపడి పైన రెండో పూత వేస్తే కింది రంగు లేచి బురద అవుతుంది.

బొమ్మ మీద "శాంతి" అని రాయకు. చూసినవాళ్లకి అర్థం కాదేమో అని నీకు టెన్షన్, తెలుసు. వెనకవైపు ఒక్క వాక్యం రాయి, నాకు పంపిన మెసేజ్‌లోదే: లైట్లు ఆపగానే అవి సముద్రం వైపు తిరిగాయి. ప్రైజ్ వస్తుందని మాత్రం నేను చెప్పలేను. పావురం బొమ్మలకి ప్రైజులు రావడం నేను చాలాసార్లు చూశాను.

షీటు ముట్టుకునే ముందు అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద గళ్లు పన్నెండు గీసుకుని, ఒక్కోదాంట్లో ఒక్కో రకంగా సర్ది చూడు. పెన్సిల్ 4బీ, రబ్బరు వాడొద్దు. మొదటి మూడూ నేను చెప్పినట్టే ఉంటాయి, ఎనిమిదో తొమ్మిదో దగ్గర నీది మొదలవుతుంది. ఆ కాగితం తీసుకుని ఆదివారం రా. వన్‌టౌన్ వచ్చే బస్సెక్కి పాతపోస్టాఫీసు దగ్గర దిగి ఫోన్ చెయ్యి, నేను వస్తాను. మీ అమ్మమ్మకి ముందే చెప్పు, వంజరం దొరికితే పులుసు పెడుతుందట.

ఇట్లు,
తాతయ్య