ట్రక్కు వెనక వేసిన ఆరెంజ్ రంగు రాత్రి ఎందుకు మెరవట్లేదు?

ప్రశ్న: మాది తణుకు దగ్గర పల్లెటూరండి, చెరుకు సీజన్లో ట్రాక్టర్ తోలతాను. కిందటేడు రేడియం పెయింట్ కావాలంటే షాపులో ఆరెంజ్ డబ్బా ఇచ్చారు, రేటు కూడా బాగా ఎక్కువే. ట్రాక్టర్ ట్రక్కు వెనక వేశాను. పగలు కళ్లు జిగేల్మంటాయి గానీ రాత్రి అస్సలు కనపడదు, మొన్న ఒక బైకు కుర్రాడు దాదాపు గుద్దేశాడు. పైగా ఏడాది తిరక్కుండానే రంగు వెలిసిపోయింది. నన్ను మోసం చేసినట్టేనా?

జవాబు: మోసం అనలేమండి, అసలు 'రేడియం' అన్న మాటే మిమ్మల్ని ముంచింది. మనవాళ్లు మెరిసే ప్రతిదాన్నీ రేడియం అనేస్తారు గానీ నిజం రేడియం వందేళ్ల కిందట గడియారాల అంకెలకి పూసేవాళ్లు, అది పూసే పనిలో బ్రష్ మొనని పెదాలతో తడిపిన అమెరికా అమ్మాయిల దవడ ఎముకలు కుళ్లిపోయాయి కూడా. ఇప్పుడు మీరు కొనే ఏ డబ్బాలోనూ, ఏ స్టిక్కర్లోనూ అది ఉండదు.

మీకిచ్చింది ఫ్లోరసెంట్ పెయింట్. మామూలు ఆరెంజ్ రంగు ఎండలోని ఆరెంజ్ భాగాన్నే వెనక్కి పంపుతుంది, మిగతాది వేడి కింద పోతుంది. ఇదేమో కంటికి కనపడని అల్ట్రావయొలెట్ (యూవీ) కాంతిని, నీలాన్ని, ఆకుపచ్చని కూడా మింగి ఆరెంజ్ చేసి కక్కుతుంది, పెద్ద నోటిస్తే కమీషన్ కోసుకుని చిల్లర ఇచ్చినట్టన్నమాట. అందుకే తనమీద పడిన ఆరెంజ్ కంటే ఎక్కువ ఆరెంజ్ బయటికొస్తుంది, కళ్లు జిగేల్మనేది అందుకే. కాకపోతే ఈ మారకం అంతా సెకనులో వంద కోట్లో వంతు లెక్కల్లో అయిపోతుంది, రాత్రికి దాచుకునేది ఏమీ ఉండదు. వెలుగు పడకపోతే అది ఉత్త రంగే. బైకు హెడ్‌లైట్ పడ్డా ఆ కాంతిని నాలుగు వైపులా చల్లేస్తుంది, నడిపేవాడి కంటికి చేరేది కొంచెమే.

మీకు కావాల్సింది రిఫ్లెక్టివ్ టేపు. అందులో సన్నటి గాజు పూసలు గానీ, ప్రిజమ్‌లనే చిన్న చిన్న పలకలు గానీ ఉంటాయి, కాంతి ఎటునుంచి వస్తే అటే తిప్పి పంపుతాయి. చీకట్లో పది అడుగుల దూరంలో నిలబడి ఫోన్ టార్చ్ కణత పక్కన పెట్టుకుని చూడండి, టేపు భగ్గుమంటుంది. అదే ఫోన్ ఇంకొకళ్ల చేతికిచ్చి పక్కకి నాలుగడుగులు వెళ్లమనండి, ఆరిపోయినట్టు ఉంటుంది. ట్రక్కు వెనక ఎర్ర టేపు అంటించి, పొలంలోంచి వచ్చినప్పుడల్లా బురద తుడవండి, టెయిల్ లైటు కూడా వెలిగేలా చూసుకోండి, అది మర్చిపోకూడదు.

ఇక వెలిసిపోవడం. ఈ పిగ్మెంట్ (పెయింట్‌కి రంగునిచ్చే పొడి) రాయి పొడి కాదు, రోడమిన్ లాంటి అద్దకం రంగుని ప్లాస్టిక్ లాంటి రెసిన్‌లో కలిపి, గట్టిపడ్డాక కొన్ని మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) సైజుకి నూరిన పొడి. ఎండలో ఆ రంగు అణువులే విరిగిపోతాయి. ఎక్కువ కాలం రావాలని రంగు దట్టంగా కలిపినా లాభం లేదు, ఒక మోతాదు దాటితే మెరుపు తగ్గిపోతుంది. పొడి దాదాపు పారదర్శకం కాబట్టి కింద తెల్ల కోటు తప్పనిసరి. మీరు పాత నీలం మీదే వేసేసుంటారు, అవునా? పైన యూవీ ఆపే క్లియర్ కోటు వేస్తే ఇంకొంత కాలం వస్తుంది.

అలాగని పనికిరానిది కాదండోయ్. తెల్లారే వేళ, పొగమంచులో, మబ్బు పట్టినప్పుడు దీన్ని మించింది లేదు, అందుకే రోడ్డు పనివాళ్ల జాకెట్‌కి నిమ్మపచ్చ గుడ్డ పగటికి, వెండి పట్టీ రాత్రికి. విమానాల ఇంజిన్ భాగాల్లో వెంట్రుకంత పగుళ్లని కూడా ఇలాంటి రంగు కలిపిన ద్రవం పూసి, తుడిచి, యూవీ లైటు కింద పట్టుకుంటారు, పగులులో దూరిన ద్రవం గీతలా వెలుగుతుంది.

ప్రశ్న: పీచు మిఠాయిలో కలిపే గులాబీ రంగు కూడా ఈ ఫ్లోరసెంట్ పెయింట్‌లో వాడేదేనంటున్నారు, నిజమా? (ఒక తల్లి, ఖమ్మం)

జవాబు: కొందరు కలిపేది ఇదేనమ్మా, రోడమిన్-బి. గులాబీ ఫ్లోరసెంట్ పిగ్మెంట్లలో వాడే అద్దకం రంగు, తిండిలో నిషేధం. 2024 ఫిబ్రవరిలో తమిళనాడు అది దొరికాకే పీచు మిఠాయి అమ్మకం ఆపేసింది. నీళ్లలో కరిగించి యూవీ టార్చ్ వేస్తే నారింజ రంగులో వెలుగుతుంది గానీ తిండికి అనుమతి ఉన్న ఎరిత్రోసిన్ అనే రంగు కూడా కాస్త వెలుగుతుంది, కాబట్టి టార్చ్‌తో తీర్పులొద్దు. తెల్ల మిఠాయి కొనిపెట్టండి.

ప్రశ్న: జేబులో మర్చిపోయి ఉతికేసిన 500 నోటు షాపువాడి యూవీ లైటు కింద నీలంగా మెరిసింది, దొంగనోటన్నాడు, నిజమేనా? (విజయవాడ)

జవాబు: నోటు కాగితంలో తెలుపు తెచ్చే మందు కలపరు, అందుకే అది మెరవదు, నంబర్ల లాంటి గుర్తులే మెరుస్తాయి. బట్టల సబ్బుపొడిలో మాత్రం తెల్లబట్టలకి పెట్టే మన పాత టినోపాల్ జాతి మందు ఉంటుంది, డీజే లైట్ల కింద తెల్ల చొక్కా నీలంగా వెలిగేది దానివల్లే. అదే మీ నోటుకీ పట్టుండొచ్చు. వాటర్‌మార్కు, దారం సరిగ్గా ఉన్నాయేమో చూసుకుని బ్యాంకుకి తీసుకెళ్లండి.