ముందు బ్లాంక్ సంగతి చూడు

చి. శ్రావణికి పెదనాన్న ఆశీస్సులు.

నీళ్లలో ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) కొలిచే పని నీకు అప్పజెప్పారని రాశావు. గైగర్ కౌంటర్ బయటికి తీయకు. ట్రిటియం వదిలే బీటా కణానికి గరిష్ఠంగా ఉండే శక్తి 18.6 కిలో ఎలక్ట్రాన్ వోల్టులే. నీళ్లలో ఆరు మైక్రాన్లు పోయేసరికి ఆగిపోతుంది, కౌంటర్ కిటికీ దాకా ఎక్కడొస్తుంది? అందుకే నీటిని రేడియేషన్ తగిలితే మెరిసే ద్రవం, అంటే సింటిలేషన్ కాక్‌టెయిల్‌లోనే కలిపి, పుట్టే మెరుపుల్ని లెక్కపెడతాం. ఫలితం చెడేది యంత్రంలో కాదు, అంతకుముందే బల్ల మీద.

నమూనాను గాజు సీసాలో మూతి దాకా నింపు. లోహాల పరీక్షకు వేసినట్టు నైట్రిక్ యాసిడ్ వేయకు. చీకట్లో వెలిగే ట్రిటియం వాచీ పెట్టుకున్నవాళ్లని ఆ గదిలోకి రానివ్వకు.

తర్వాత డిస్టిలేషన్. 100 మి.లీ. నీటికి అర గ్రాము సోడియం హైడ్రాక్సైడ్, 0.1 గ్రాము పొటాషియం పర్మాంగనేట్, నాలుగు బాయిలింగ్ చిప్స్ వెయ్యి. మొదటి 10 మి.లీ. పారబోసి తర్వాతి 50 మి.లీ. పట్టుకో. మంట ఎక్కువై ఎగచిమ్మితే డిస్టిలేట్‌కు గులాబీ రంగు వస్తుంది, ఆ రంగు వెలుగును మింగేస్తుంది. అది వాడకు, మళ్లీ చెయ్యి. ట్రిటియం ఉన్న నీరు మామూలు నీటి కన్నా కాస్త ఆలస్యంగా ఆవిరవుతుంది కాబట్టి ముందొచ్చిన భాగంలో ట్రిటియం కొద్దిగా తక్కువే ఉంటుంది. అందుకే స్టాండర్డునీ (తెలిసినంత ట్రిటియం ఉన్న నీరు), బ్లాంకునీ (పోలిక కోసం పెట్టే ట్రిటియం లేని నీరు) ఇదే పద్ధతిలో దింపాలి.

20 మి.లీ. పాలిథీన్ వయల్లో (చిన్న సీసాలో) 8 మి.లీ. నీరు, 12 మి.లీ. కాక్‌టెయిల్. గాజు వయల్ వద్దు, అందులోని పొటాషియం-40 బ్యాక్‌గ్రౌండ్ (ట్రిటియం లేకున్నా వచ్చే కౌంట్లు) పెంచుతుంది. పిపెట్‌ను నమ్మకుండా తూకం వేసుకో. బాగా ఊపాక మబ్బుగా ఉన్నా, రెండు పొరలుగా విడిపోయినా ఆ వయల్ లెక్కకు పనికిరాదు. రాత్రంతా చీకట్లో ఉంచి పొద్దున లెక్కపెట్టు. క్షారం మిగిలితే రసాయన కాంతి పుట్టి కౌంట్లు ఎక్కువ చూపిస్తుంది, మళ్లీ మళ్లీ లెక్కపెట్టేకొద్దీ కౌంట్లు తగ్గుతూ పోతే దోషం అదే. పొడి గుడ్డతో తుడిస్తే స్టాటిక్ పుడుతుంది, తడిగుడ్డ వాడు. నీటిలోని మలినాలు మెరుపుల్ని ఎంత తగ్గిస్తాయో చూపే క్వెంచ్ కర్వ్ కోసం ఒకే మోతాదు ట్రిటియం ఉన్న ఏడెనిమిది వయల్స్‌లో మెరుపుల్ని తగ్గించే నైట్రోమీథేన్ పెంచుకుంటూ వెయ్యి.

అసలు తిప్పలు బ్లాంక్‌తోనే. ల్యాబ్‌లో నీరు శుద్ధి చేసే యంత్రం ఉప్పుల్ని తీస్తుంది గానీ ట్రిటియాన్ని తీయదు. ట్రిటియం ఉన్నది నీటి అణువులోనే కదా, రెజిన్ దాన్ని ఎలా పడుతుంది? వాన నీటి ట్రిటియం అందులో అలాగే ఉంటుంది. నమూనా కౌంట్లలోంచి బ్లాంక్ కౌంట్లు తీసేస్తాం కాబట్టి, ఆ నీటినే బ్లాంక్ అనుకుంటే నమూనాలన్నీ తక్కువ చూపిస్తాయి, ఒక్కోసారి మైనస్‌లోకి కూడా పోతాయి. వందల ఏళ్లుగా వాన నీరు కలవని లోతైన భూగర్భజలం తెప్పించి, అదే లాట్ వయల్స్‌లో, అదే నిష్పత్తిలో ప్రతి బ్యాచ్‌లో మూడు పెట్టు.

యంత్రం సామర్థ్యం 25 శాతం (అంటే నూరు క్షయాల్లో 25 పట్టుకుంటుంది), బ్యాక్‌గ్రౌండ్ నిమిషానికి 5 కౌంట్లు అనుకో. నమూనానూ, బ్లాంకునూ చెరో 100 నిమిషాలు లెక్కపెడితే గుర్తింపు పరిమితి (ఉందని నమ్మకంగా చెప్పగల కనీస మోతాదు) లీటరుకు సుమారు 9 బెక్వెరల్ (బెక్వెరల్ అంటే సెకనుకు ఒక క్షయం). బ్యాక్‌గ్రౌండ్ 1కి తగ్గించి 500 నిమిషాలు ఉంచితే 1.8. తాగునీటికి ఇది చాలు: ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ 10,000, అమెరికా పరిమితి దాదాపు 740, యూరప్ పెట్టుకున్న విలువ 100. లెక్క పంపేముందు స్పెక్ట్రమ్ (ఏ శక్తి దగ్గర ఎన్ని కౌంట్లు వచ్చాయో చూపే గ్రాఫు) చూడు. ట్రిటియం శక్తి పరిధికి పైన కూడా కౌంట్లు కనిపిస్తే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువని అనుమానించు. దాని అర్ధాయువు 3.8 రోజులే, మూడు వారాలు ఆగి మళ్లీ లెక్కపెట్టు.

హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లలా ట్రిటియాన్ని మట్టిలోకి ఎక్కించి, వాన నీరు భూమిలోకి ఎంత దిగిందో చూసే పనికి కూడా నీటిని కుదించకుండా చేసే ఈ నేరు లెక్కింపు సరిపోతుంది. అసలు వానలోని ట్రిటియమే కావాలంటే కుదరదు, అక్కడ కొలత ట్రిటియం యూనిట్లలో, ఒక యూనిట్ అంటే లీటరుకు 0.118 బెక్వెరల్ మాత్రమే. అప్పుడు కొద్దిగా సోడియం పెరాక్సైడ్ వేసి, చల్లగా ఉంచి, 500 మి.లీ. నీటిని విద్యుద్విశ్లేషణతో 20 మి.లీ. దాకా కుదించి ట్రిటియాన్ని చిక్కబరచాలి. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి బయటికొస్తాయి కాబట్టి ఆ గ్యాస్ గొట్టం నేరుగా భవనం బయటికి పోవాలి. విద్యుద్విశ్లేషణ సెల్స్ ఉన్న గదిలో మామూలు స్విచ్చుబోర్డు ఉంటే నిప్పురవ్వ ప్రమాదం, ముందు అది తీయించు.

నీ పెదనాన్న