ఇనుప ఖనిజానికి ఎల్‌హెచ్‌డీ: ముందు బకెట్ తేల్చండి

అన్నా, 14 టన్నులు మోసే ఎల్‌హెచ్‌డీకి (భూగర్భ గనిలో ఖనిజాన్ని ఎత్తి, మోసుకెళ్ళి పోసే లోడరు బండి) 7.8 ఘనమీటర్ల బకెట్ పెట్టొచ్చా, బండి డీజిలా కరెంటా అని అడిగారు కదా. ఆ బకెట్ వద్దే వద్దు. అది ఘనమీటరుకు 1.8 టన్నులు తూగే మామూలు రాయి లెక్క. పేల్చిన హెమటైట్, అంటే ఇనుప ఖనిజం, 2.6 దాకా తూగొచ్చు. నిండా ఎత్తితే 20 టన్నులు. వెనక చక్రాలు తేలి స్టీరింగ్ పట్టు తప్పుతుంది, బకెట్ ఎత్తే బూమ్ పిన్నులూ బుష్షులూ అరిగిపోతాయి, ముందు యాక్సిల్ పోతుంది. 14ని 2.6తో భాగిస్తే 5.4 ఘనమీటర్లు, అదీ సైజు.

మీ ఖనిజం అంకె మాత్రం ఊహించొద్దు. బెంగళూరు పీణ్యాలోని డీలరుకు ఆర్డరిచ్చే ముందే గని దగ్గర 200 లీటర్ల డ్రమ్ము ఖాళీగా తూచి, ముక్కలూ పొడీ కలిపి అంచుదాకా నింపి మళ్ళీ తూయించండి. తేడా 520 కిలోలైతే 2.6. తడి ఖనిజాన్ని ఆరబెట్టకుండా తడిగానే తూయాలి.

ఇక డీజిలా కరెంటా అంటే, 250 కిలోవాట్ల డీజిల్ ఇంజను పొగ పలచబడడానికి, కిలోవాటుకు 0.06 చొప్పున, సెకనుకు 15 ఘనమీటర్ల గాలి కావాలి. మీ గని ఫ్యాను అంత ఇవ్వలేకపోతే కేబుల్‌తో నడిచే కరెంటు బండి తీసుకోండి. కాకపోతే అది కేబుల్ పొడవు దాటి పోలేదు, రివర్సులో కేబుల్ టైరు కింద నలుగుతుంది. ఒకే ఓర్‌పాస్‌లో (ఖనిజాన్ని కింది అంతస్తుకు జార్చే బిలం) పోసే పనికైతే బాగా నప్పుతుంది.