లూథరన్ చర్చి మీద రంగుల జెండా, లీడ్ పెళ్ళి శుభలేఖ

సందేహం: గుంటూరు నుంచి డల్లాస్ వచ్చి ఆరు నెలలైందన్నా. మాది లూథరన్ కుటుంబం. ఇక్కడ లూథరన్ చర్చి అని బోర్డు చూసి వెళితే గుమ్మం పక్కన రంగుల జెండా ఉంది. ఆఫీసులో మా టీమ్ లీడ్ తన పెళ్ళికి పిలిచాడు, చేసుకునేదేమో మగవాడిని. ఇది క్రైస్తవ దేశం కదా, వాక్యానికి విరుద్ధమైనదాన్ని ప్రభుత్వం ఎలా ఒప్పుకుంది? ఆ పెళ్ళికి వెళ్ళాలా, మానాలా?

తమ్ముడూ, వందనాలు. ముందు జెండా సంగతి. ఆ ఇంద్రధనుస్సు రంగులు, స్వలింగ సంబంధాల్లో ఉన్నవాళ్ళకీ ఇక్కడ స్వాగతం అనడానికి గుర్తు. 1842లో మన గుంటూరుకి వచ్చిన మిషనరీ ఫాదర్ హయ్యర్‌ని పంపింది పెన్సిల్వేనియా లూథరన్లు. ఇక్కడి లూథరన్లంతా ఒకటే అనుకోకు. ఇ.ఎల్.సి.ఎ. అనే పెద్ద సంఘం స్వలింగ సంబంధంలో నిలకడగా ఉన్నవాళ్ళూ పాస్టర్లు కావచ్చని 2009లో తీర్మానించింది. మిస్సోరీ సినడ్ అనే మరో లూథరన్ సంఘం వాళ్ళు ఒప్పుకోరు. బోర్డు మీద చిన్న అక్షరాల్లో ఏ సంఘమో చూసుకుని నీకు కుదిరిన చర్చికి వెళ్ళు.

ఇక క్రైస్తవ దేశం అన్న మాట. నేనూ ఆ మాట పట్టుకునే విమానం ఎక్కాను. తీరా చూస్తే, మతానికీ ప్రభుత్వానికీ మధ్య గోడ అని అప్పటి అధ్యక్షుడు జెఫర్సన్ 1802లో ఉత్తరం రాసింది నాస్తికులకి కాదు, కనెక్టికట్‌లోని డాన్‌బరీ బాప్టిస్టులకి. అక్కడ కాంగ్రిగేషనల్ చర్చిదే పెత్తనం. మా సంఘం వేరు అని కాగితం దాఖలు చేస్తే తప్ప దాని పోషణకి పన్ను కట్టాల్సిందే. అంటే గోడ కావాలన్నది బైబిలు చేతపట్టుకున్నవాళ్ళే.

2025లో మన టెక్సాస్‌లో సర్కారు బడుల ప్రతి క్లాసుగదిలో పది ఆజ్ఞల పోస్టరు ఉండాలని, అది 16 బై 20 అంగుళాలకి తగ్గకూడదని చట్టం చేశారు. అది కోర్టులకెక్కింది. మా చర్చిలో కొందరు చప్పట్లు కొట్టారు. నాకు చేతులు రాలేదు. మా పక్కింటి పాప పొద్దున్నే వెంకటేశ్వరస్వామికి దండం పెట్టుకుని బడికి వెళ్తుంది. వెళ్ళి ‘నేను తప్ప వేరొక దేవుడు నీకుండకూడదు’ అన్నదాని కింద కూర్చోవాలి. సర్కారు బడిలో ‘యా కుందేందు’ చదివిస్తున్నప్పుడు నువ్వెలా నిలబడ్డావో గుర్తు తెచ్చుకో.

2015 జూన్ 26న సుప్రీంకోర్టు 5-4 తేడాతో స్వలింగ వివాహాలు దేశమంతటా చెల్లుతాయంది. ఆ ఏడాదే కెంటకీలోని రోవన్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) క్లర్కు కిమ్ డేవిస్ దేవుని అధికారం పేరు చెప్పి పెళ్ళి లైసెన్సులు ఇవ్వనంది. కోర్టు ఆదేశించినా వినక ఐదు రోజులు జైల్లో ఉంది. నమ్మకం ఉన్నందుకు కాదు జైలు, ప్రభుత్వ కుర్చీలో కూర్చుని ప్రభుత్వ పని చేయనన్నందుకు. మరుసటి ఏడు కెంటకీ ప్రభుత్వం లైసెన్సు కాగితం మీద క్లర్కు పేరే అక్కర్లేకుండా చట్టం మార్చింది. ఆ పని ముందే చేసుంటే ఇంత రభస ఉండేది కాదని నా అభిప్రాయం. అదే 2015లో టెక్సాస్, పాస్టర్లు తమ నమ్మకానికి విరుద్ధమైన పెళ్ళి జరిపించక్కర్లేదని చట్టం చేసింది. మీ అయ్యగారిని ఎవరూ బలవంతపెట్టరు.

మా మేనల్లుడి పెళ్ళి లైసెన్సుకని కౌంటీ ఆఫీసుకి వెళ్ళినప్పుడు లైన్లో మా ముందు ఇద్దరు కుర్రాళ్ళున్నారు. కౌంటర్లో పెద్దావిడ, మెడలో సన్న గొలుసుకి సిలువ. వాళ్ళ ఐడీలు చూసింది, ప్రమాణం చేయించింది, పెళ్ళికి 72 గంటలు ఆగాలని చెప్పి కాగితం ఇచ్చింది. తర్వాత మావాడికీ, కోడలుపిల్లకీ అవే మాటలు, అదే గొంతు. ఆవిడ ఇంట్లో ఏం ప్రార్థన చేసుకుంటుందో నాకు తెలీదు, అక్కర్లేదు కూడా.

ఇప్పుడు నేను చేసిన తప్పు. వచ్చిన కొత్తలో, లంచ్‌లో పక్క సీటావిడ తనతో ఉంటున్న అమ్మాయి గురించి చెప్తుంటే, ఎవరూ అడక్కుండానే ‘మా బైబిల్లో ఇది పాపం’ అన్నాను. ఆవిడ నా డబ్బా వైపు చూసింది. గోంగూర రొయ్యలు. ‘దాన్ని తప్పనే లేవీయకాండంలోనే, 11వ అధ్యాయంలో రొయ్యలూ హేయమే’ అంది. వాళ్ళ నాన్న పాస్టరట! రాత్రికి మా అయ్యగారికి ఫోన్ చేశాను. దుప్పటిలో రకరకాల జంతువులు దిగి, తినమని దేవుడు చెప్పినట్టు పేతురు చూసిన దర్శనంతో తిండి కట్టుబాటు పోయిందనీ, స్వలింగ సంబంధాన్ని తప్పుపట్టే రోమా పత్రిక మొదటి అధ్యాయం మాత్రం అలాగే ఉందనీ చెప్పారు. ఆ వాదన గట్టిదే. నేను చాలాకాలం దాన్నే పట్టుకున్నాను, ఇప్పుడంత గట్టిగా లేను, అది వేరే కథ. కానీ ఏ అధ్యాయం ఏ అధ్యాయాన్ని కొట్టేసిందో చర్చిలో తేల్చుకోవాలి, కౌంటీ కౌంటర్లోనో లంచ్ టేబుల్ దగ్గరో కాదు. పైగా 2020 నుంచి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం, గే అన్న కారణంతో ఉద్యోగంలోంచి తీసేయడం ఫెడరల్ చట్టానికి విరుద్ధం. ఆఫీసులో నోరు జారితే ఈసారి రొయ్యలతో పోదు, హెచ్ఆర్ పిలుస్తుంది.

పెళ్ళికంటావా, నేనైతే వెళ్తాను. మనసొప్పకపోతే ‘ఆ రోజు రాలేను, శుభాకాంక్షలు’ అను చాలు, వచనాలు జతచేయకు. ఏదైనా గడువులోగా చెప్పు. ఇక్కడ ప్లేటు లెక్కన డబ్బు కడతారు, మన ఊళ్ళోలా ‘చూద్దాంలే’ అంటే కుదరదు. కార్డు మీద నీ పేరొక్కటే ఉంటే రూమ్మేట్లని వెంటేసుకెళ్ళకు.