స్లాబు కురుస్తోంది, మొత్తం తీసేయాలా?

ప్రశ్న: 22 ఏళ్ల డాబా ఇల్లు. రెండేళ్లుగా వానొస్తే హాల్లో కురుస్తోంది. కిందటేడు మేస్త్రీ సిమెంటు పాలు పోశాడు, మూడు నెలలు కూడా ఆగలేదు. ఇప్పుడు పెచ్చులు రాలుతున్నాయి, చాలా టెన్షన్‌గా ఉంది. స్లాబు మార్చాల్సిందేనా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మార్చడం గురించి ఇప్పుడే అనుకోకండి, కానీ పెచ్చుల విషయంలో ఆలస్యం వద్దు. నీరు దిగి లోపలి చువ్వలు తుప్పు పడితే అవి ఉబ్బి కింది కాంక్రీటును తోసేస్తాయి, మీకు రాలుతున్నది అదే. ఆ కింద మంచం ఉంటే ఇవాళే జరపండి, సివిల్ ఇంజినీరుకు చూపించండి. చువ్వలు బాగా సన్నబడి స్లాబు వంగితేనే మార్చే మాట.

సిమెంటు పాలు ఎందుకు ఆగలేదంటే, స్లాబు ఎండకు సాగి రాత్రికి ముడుచుకుంటుంది, ఆ పలచని పొర సాగలేక అక్కడే చీలుతుంది. వాన వెలిశాక గంటకు పైకెక్కి, నీళ్లు నిలిచిన చోట ఇటుక ముక్కతో గుర్తు గీయండి. పిట్టగోడ మూలలు, నీళ్లు పోయే గొట్టం చుట్టూ వంగి మరీ చూడండి, చాలా ఇళ్లలో అసలు లీకు అక్కడే.

ఇంజినీరు సరేనంటే, తుప్పు గీకించి పెచ్చులు పూడ్పించాక, పైన పగుళ్లను వెడల్పుగా చెక్కించి పాలిమర్ కలిపిన మోర్టారుతో (సిమెంటు, ఇసుక ముద్దతో) నింపించండి. గొట్టం వైపు 10 అడుగులకు అంగుళంపావు వాలు ఉండాలి. ఆ తర్వాతే సాగే వాటర్‌ప్రూఫ్ కోటింగ్, రెండు పూతలు, రెండోది మొదటిదానికి అడ్డంగా. ఆరాక గొట్టం మూసి రెండంగుళాల నీళ్లు 48 గంటలు నిలబెట్టి, హాల్లో చెమ్మ రాలేదని చూసుకున్నాకే మిగతా డబ్బులివ్వండి.