ఓడల ఆఫీసులో చేరబోతున్న అమ్మడుకి

తిరుపతి

చిరంజీవి అమ్మడుకి పెదనాన్న ఆశీస్సులు.

చెన్నైలో ఓడల మేనేజ్‌మెంట్ కంపెనీ టెక్నికల్ డిపార్ట్‌మెంట్‌లో నీకు ఉద్యోగం వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. సంతోషం తల్లీ. నువ్వు చేరేలోపు కొన్ని సంగతులు నీ చెవిన వేయాలని కూర్చుని ఇది రాస్తున్నాను. ఎస్వీ యూనివర్సిటీలో మెకానికల్ చదివావు, ఇంజన్ అంటే నీకు బెరుకు లేదు. కానీ ఓడ లోపలికి ఎప్పుడూ అడుగుపెట్టలేదు. నీకిచ్చిన పనేమో పీఎంఎస్, అంటే ప్లాన్డ్ మెయింటెనెన్స్ సిస్టమ్. ఏ యంత్రానికి ఎప్పుడు ఏ పని చేయాలి, చేశారా లేదా, స్పేర్లు ఎన్ని ఉన్నాయి, ఏ సర్టిఫికెట్ గడువు ఎప్పుడు ముగుస్తుంది, ఇవన్నీ చూసే సాఫ్ట్‌వేర్. చీఫ్ ఇంజనీర్‌గా ఓడలో కూర్చుని ఆ వివరాలు నింపినవాణ్ణి, తర్వాత సూపరింటెండెంట్‌గా, అంటే ఒడ్డు నుంచి ఓడల యంత్రాల బాగోగులు చూసే ఇంజనీర్‌గా, ఆఫీసులో కూర్చుని వాటినే చదివినవాణ్ణి. అందుకే చెబుతున్నాను.

స్క్రీన్ మీద కనబడేదే ఓడ పరిస్థితి అనుకోవద్దు. దాని గురించి ఎక్కడో నడిసముద్రంలో, డ్యూటీ దిగి అలిసిపోయిన ఒక మనిషి రాసిన మాట అది. ఆ మనిషి నిజం రాయడానికి వెనకాడకుండా చూసుకోవడమే నీ అసలు పని. బటన్లు ఎక్కడ నొక్కాలో కొద్ది రోజుల్లో వచ్చేస్తుంది. సాఫ్ట్‌వేర్ ఆమోస్ అయినా, డీఎన్‌వీ కంపెనీ వాళ్ళ షిప్‌మేనేజర్ అయినా లోపలి వరస దాదాపు ఒకటే: యంత్రాలు, వాటి కింద భాగాలు, ఒక్కో భాగానికి చేయాల్సిన పనులు, ఆ పనులకు గడువులు, స్పేర్లు.

సాఫ్ట్‌వేర్ మాన్యువల్ తెరిచే ముందు ఐఎస్ఎం కోడ్‌లో, అంటే ఓడలను భద్రంగా నడపడానికి ఉన్న అంతర్జాతీయ నియమావళిలో, పదో అధ్యాయం చదువు. చిన్నదే. 1987 మార్చి 6న హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఫెర్రీ ముందు తలుపులు మూయకుండానే బెల్జియంలోని జీబ్రుగ్గే రేవు నుంచి బయల్దేరి బోల్తా పడింది, 193 మంది చనిపోయారు. తప్పు ఓడ మీద ఉన్నవాళ్ళది మాత్రమే కాదు, ఒడ్డున ఆఫీసులో కూర్చున్నవాళ్ళది కూడా అని విచారణలో తేలింది. ఆ తర్వాతే ఈ కోడ్ వచ్చింది. 1998 జూలై 1 నుంచి ప్రయాణికుల ఓడలకు, ట్యాంకర్లకు, బల్క్ క్యారియర్లకు, 2002 జూలై 1 నుంచి మిగతా సరుకు ఓడలకు తప్పనిసరి అయింది. యంత్రాలను తగిన వ్యవధిలో తనిఖీ చేయాలి, లోపం కనబడితే కారణం తెలిసినంతవరకు చెప్పాలి, సరిచేయాలి, రికార్డు ఉంచాలి. నువ్వు వాడబోయే సాఫ్ట్‌వేర్ అంతా ఈ నాలుగు ముక్కల కోసమే. ఆడిటర్ కోసం కాదు.

ఇక నెలాఖరు సంగతి. చేరిన మొదటి నెలలోనే ఇది నీ కంట పడుతుంది. ముప్పయ్యో తారీఖు రాత్రి ఒకే ఓడ నుంచి, ఒకే లాగిన్ మీద, అరగంటలో నలభై పనులు పూర్తయినట్టు వచ్చి పడతాయి. రెండో నంబర్ జనరేటర్ ఇంజెక్టర్ల ప్రెషర్ టెస్ట్, ప్యూరిఫయర్ ఓవర్‌హాల్, ఎమర్జెన్సీ ఫైర్ పంప్ టెస్ట్, అన్నింటి కిందా ఒకటే రాత: 'డన్, ఫౌండ్ ఓకే'. అరగంటలో ఆ పనులన్నీ ఎవరూ చేయలేరు. కొన్ని నిజంగా ఆ నెలలో వేర్వేరు రోజుల్లో చేసి, రాయడం మాత్రం వాయిదా వేసి ఉంటారు. కొన్ని కాకి లెక్కలు. ఏది ఏదో స్క్రీన్ చెప్పదు.

అది చూడగానే ఘాటుగా మెయిల్ కొట్టకు. ఆ నెలలో ఓడ ఎన్ని రేవులు తిరిగిందో ముందు చూడు. రేవుకు వచ్చిన రోజున బంకర్ (ఓడ ఇంధనం) తీసుకోవడం, స్టోర్లు ఎక్కించడం, సర్వేయర్ రావడం, పోర్ట్ స్టేట్ ఇన్‌స్పెక్షన్ (ఆ దేశపు అధికారుల తనిఖీ), అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఓడలో పనిచేసేవాళ్ళకు 24 గంటల్లో కనీసం 10 గంటలు, 7 రోజుల్లో 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలని అంతర్జాతీయ నిబంధన ఉంది. ఆ గంటలు లెక్కేసి చూస్తే పనులు ఎందుకు వెనకబడ్డాయో నీకే అర్థమవుతుంది. అప్పుడు సెకండ్ ఇంజనీర్‌కి రాయి: 'సార్, జనరేటర్ ఇంజెక్టర్లు ఏ ప్రెషర్ దగ్గర విచ్చుకున్నాయో ఆ అంకెలు పంపగలరా?' అని. పని చేసినవాడి దగ్గర అంకెలుంటాయి. చేయనివాడికి నువ్వు చదువుతున్నావని తెలుస్తుంది. ఇంకో మాట అక్కర్లేదు.

ఓవర్‌డ్యూ శాతం అని ఒకటుంటుంది, గడువు దాటిన పనులు ఎన్ని అన్న లెక్క. దాన్ని సున్నాకి తెమ్మని ఆఫీసుల్లో పట్టుబడతారు, ఓడల మధ్య పోటీ కూడా పెడతారు. ఈ రంగంలో జరిగే హానిలో పెద్ద భాగం ఇక్కడే మొదలవుతుందని నేను గట్టిగా నమ్ముతాను. ఏడాది పొడుగునా ఒక్క పని కూడా గడువు దాటని ఓడ కనబడితే నాకు ముందు అనుమానమే వస్తుంది. స్పేర్ రాలేదు, వాతావరణం బాగాలేదు, ఛార్టరర్ (ఓడను అద్దెకు తీసుకున్నవాడు) ఇంజన్ ఆపనివ్వలేదు, కారణాలు లేకుండా ఉండవు. పని వాయిదా వేయడానికి సాఫ్ట్‌వేర్‌లోనే దారి ఉంటుంది: కారణం రాసి, రిస్క్ అంచనా వేసి, సూపరింటెండెంట్ అనుమతి తీసుకుని కొత్త తేదీ వేయడం. ఓడ వాళ్ళు ఆ దారిలో వచ్చినప్పుడు వెంటనే, మర్యాదగా జవాబు వచ్చేలా చూడు. వాయిదా అడిగినవాణ్ణి నేరస్థుడిలా చూస్తే వాడు ఇంకోసారి అడగడు, 'డన్' అని కొట్టి చేతులు దులుపుకుంటాడు.

అన్ని పనులూ నిజంగానే చేసినా స్క్రీన్‌కి అందనివి కొన్ని ఉంటాయి. 2024 మార్చి 26న బాల్టిమోర్‌లో డాలీ అనే కంటైనర్ ఓడ వంతెనను ఢీకొట్టిన సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. వంతెన మీద రోడ్డు పని చేస్తున్న ఆరుగురు చనిపోయారు. ఓడ సిబ్బంది దాదాపు అందరూ మనవాళ్ళే. వంతెన దగ్గరకు వచ్చే ముందు కొద్ది నిమిషాల తేడాతో రెండుసార్లు కరెంటు పోయింది. అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చిందేమిటంటే, స్విచ్‌బోర్డులో ఒక సిగ్నల్ వైరుకు చుట్టిన పేరు లేబుల్ అడ్డుపడి ఆ వైరు టెర్మినల్‌లోకి పూర్తిగా దిగలేదు, తర్వాత ఎప్పుడో వదులైంది. రెండోసారి కరెంటు పోవడానికి కారణం వేరు. జనరేటర్లకు ఇంధనం అందించడానికి ఫ్లషింగ్ పంపును వాడారు, కరెంటు పోయి వచ్చాక అది తనంతట తాను మళ్ళీ స్టార్ట్ అయ్యే రకం కాదు. మొదటి కారణం నుంచి నువ్వు నేర్చుకోవాల్సింది జాబ్ డిస్క్రిప్షన్ రాయడం. 'స్విచ్‌బోర్డ్ చెక్ చేయండి' అని రాస్తే తలుపు తీసి, చూసి, మూస్తారు. 'ఒక్కో వైరును మెల్లగా లాగి టెర్మినల్‌లో కూర్చుందో లేదో చూడండి, లేబుల్ అడ్డుపడిందేమో చూడండి' అని రాస్తే చెయ్యి అక్కడికి వెళ్తుంది. రెండోదాని నుంచి నేర్చుకోవాల్సింది, ఏ యంత్రాన్నైనా దాని అసలు పనికి కాక వేరే పనికి వాడుతున్నారేమో అడగడం. సాఫ్ట్‌వేర్‌లో ఆ పంపు పేరు ఫ్లషింగ్ పంపు అనే ఉంటుంది. అది ఇప్పుడు ఏం చేస్తోందో ఓడలో ఉన్నవాళ్ళకే తెలుసు.

అంకె ఒక్కటే ఉండి, ఎంత ఉండాలో పక్కన లేకపోతే ఆ అంకెతో లాభం లేదు. 2019 మార్చి 23న నార్వే తీరంలో వైకింగ్ స్కై అనే ప్రయాణికుల ఓడ తుఫానులో ఇంజన్లన్నీ ఆగిపోయి రాళ్ళ వైపు కొట్టుకుపోయింది. ఇంజన్లలో లూబ్ ఆయిల్ (కందెన నూనె) లేక కాదు, తయారీదారు చెప్పిన మట్టం కన్నా తక్కువగా ఉంది. ఓడ ఊగేసరికి పంపులకు ఆయిల్ అందలేదు. కాబట్టి నువ్వు పెట్టే ప్రతి రీడింగ్ గడి పక్కన ఎంత నుంచి ఎంత వరకు ఉండొచ్చో, ఆ హద్దు మేకర్ మాన్యువల్‌లో ఏ పేజీలో ఉందో రాసి పెట్టు. విసుగు పుట్టే పనే. అయినా చెయ్యి.

ఇప్పుడు స్పేర్ల గొడవ. ఒకే ఓ-రింగు మూడు పేర్లతో మూడు చోట్ల నమోదై ఉంటుంది. సాఫ్ట్‌వేర్ రెండున్నాయంటుంది, షెల్ఫ్‌లో ఒక్కటీ ఉండదు. దాన్ని నమ్మి ఆర్డర్ పెట్టకపోతే అవసరానికి స్పేర్ ఉండదు. సీరియల్ నంబర్ చూడకుండా పెడితే, సింగపూర్‌లో ఓడ ఆగిన కొద్ది గంటల్లో తప్పు స్పేర్ ఎక్కి, ఓడ వెళ్ళిపోతుంది. మేకర్, మోడల్, సీరియల్ నంబర్, డ్రాయింగ్ నంబర్, పార్ట్ నంబర్, ఈ ఐదూ లేని రిక్విజిషన్ (కొనుగోలు కోరే పత్రం) ముందుకు వెళ్ళనివ్వకు. మామూలు స్టోర్లకైతే ఇంపా కోడ్, అంటే ఓడ సామాన్ల కేటలాగు నంబర్, ఆరంకెలు ఉంటే చాలు. ఎమర్జెన్సీ జనరేటర్, స్టీరింగ్ గేర్, ఫైర్ పంపుల్లాంటి క్రిటికల్ యంత్రాల స్పేర్లు మాత్రం కంప్యూటర్ లెక్కను నమ్మకుండా షెల్ఫ్ దగ్గర లెక్కపెట్టించు.

చాలామంది పట్టించుకోనిది ఇంకొకటుంది. ఎగ్జాస్ట్ వాల్వ్‌ను మూడో సిలిండర్ నుంచి తీసి, ఓవర్‌హాల్ చేసి, ఐదో సిలిండర్‌లో పెడతారు. రన్నింగ్ అవర్స్ (నడిచిన గంటల లెక్క) ఆ వాల్వ్‌తో పాటు కదలాలి, సిలిండర్ దగ్గర ఉండిపోకూడదు. సాఫ్ట్‌వేర్‌లో ఆ లెక్క సరిగ్గా కట్టలేదంటే బాగున్న వాల్వ్‌ను ముందే విప్పిస్తావు, అరిగిపోయినదాన్ని ఇంకా నడిపిస్తావు. కొత్త ఓడ డేటాబేస్ కట్టేటప్పుడు నువ్వు అందరికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది దీని మీదే.

ఓడ రోజూ మధ్యాహ్నం పంపే నూన్ రిపోర్టులో వచ్చే ఇంధనం లెక్కలు ఇప్పుడు ఒట్టి లెక్కలు కావు. 5,000 జీటీ (గ్రాస్ టన్నేజ్, ఓడ పరిమాణపు కొలత), ఆపైన ఉన్న ఓడలు 2019 నుంచి ఏటా ఎంత ఇంధనం కాల్చాయో చెప్పాలి, 2023 నుంచి సీఐఐ అనే కార్బన్ కొలత కింద వాటికి 'ఏ' నుంచి 'ఈ' దాకా గ్రేడ్ ఇస్తున్నారు. వరసగా మూడేళ్ళు 'డీ' వచ్చినా, ఒక్క ఏడాది 'ఈ' వచ్చినా దిద్దుబాటు ప్రణాళిక చూపాలి. కొందరు చీఫ్ ఇంజనీర్లు రిపోర్టులో చూపకుండా కొంత ఇంధనం ట్యాంకులో దాచుకుంటారు. చెడ్డబుద్ధితో కాదు, తక్కువ పడితే ఆఫీసు మొహం చూడాల్సి వస్తుందన్న భయంతో. లెక్క తేడా వచ్చినప్పుడు ఆ భయం సంగతి సూపరింటెండెంట్‌తో మాట్లాడు. చీఫ్ మీదికి నేరుగా వెళ్ళకు, నీకన్నా పెద్దవాడు, నీకు తెలియనివి ఆయనకు ఎన్నో తెలుసు.

సర్టిఫికెట్ల గడువులు సాఫ్ట్‌వేర్ బాగానే గుర్తు చేస్తుంది, దాని గురించి టెన్షన్ పడకు. పెన్‌డ్రైవ్‌ల విషయంలో మాత్రం గట్టిగా ఉండు. సైబర్ రిస్క్ కూడా 2021 నుంచి సేఫ్టీ మేనేజ్‌మెంట్‌లో భాగమే.

ఓడకు ఫోన్ చేసే ముందు అక్కడ టైమెంతో చూసుకో. ఒక్క మెయిల్‌లో ఒక్క విషయమే రాయి. ఓడ రేవు చేరే రోజున అత్యవసరం కానిదేదీ అడగకు. 'అర్జెంట్' అన్న మాట నిజంగా అర్జెంట్ అయినప్పుడే వాడు.

చేరడానికి ఇంకా టైముంది కదా, ఒక పని చెయ్యి. చిత్తూరు పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు బోలెడు. తోతాపురి సీజన్ మొదలైతే వాటిలో బాయిలర్లు, జనరేటర్లు రాత్రీపగలూ నడుస్తాయి. మీ అమ్మ తరఫువాళ్ళకు ఎవరో ఒకరు తెలిసే ఉంటారు, అడిగి రెండు రోజులు వెళ్ళు. బాయిలర్ దగ్గర ఫిట్టర్ లాగ్‌బుక్ ఎప్పుడు రాస్తున్నాడో చూడు, గంట గంటకీనా, షిఫ్ట్ దిగేముందు అన్నీ ఒకేసారా? తిట్టకుండా, నవ్వుతూ ఎందుకలా రాస్తున్నావన్నా అని అడుగు. ఆ జవాబు నీకు ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పరు.

ఉద్యోగంలో చేరాక మొదటి ఆరు నెలల్లోనే ఓడ ఎక్కించమని అడుగు, మొహమాటపడకు. చెన్నైకో, ఎన్నూరుకో, కాట్టుపల్లికో మీ ఓడ ఏదైనా వచ్చినప్పుడు సూపరింటెండెంట్ వెంట వెళ్ళు. స్పేర్ల జాబితాలోంచి ఓ పది ప్రింట్ తీసుకెళ్ళి సెకండ్ ఇంజనీర్‌తో స్టోర్ రూమ్‌లో వెతుకు. సేఫ్టీ షూస్ నీ సైజువి నువ్వే ముందు కొనుక్కో, ఆఫీసులో ఉండేవి ఆడపిల్లల కాళ్ళకు పెద్దవవుతాయి. వదులు షూస్‌తో ఇంజన్ రూమ్ నిచ్చెనలు దిగకూడదు. డబ్బులు నేను పంపుతాను, మీ నాన్నను అడగొద్దు.

ఇట్లు,
మీ పెదనాన్న