తుఫాను మెసేజ్ పెట్టినా ఊళ్లో జనం కదలట్లేదంటే

పంచాయతీ గ్రూపులో వాతావరణ శాఖ బులెటిన్‌ను ఉన్నదున్నట్టు ఫార్వర్డ్ చేస్తున్నారేమో, చూడండి. "గంటకు 90 కిలోమీటర్ల గాలులు" అంటే ఏం చెయ్యాలో ఎవరికీ తెలీదు.

1. ఇలా పెట్టండి: "రేవు వీధి వాళ్లు సాయంత్రం 4 లోపు హైస్కూలుకి రండి. ఆధార్, పాస్‌బుక్, మందులు కవర్లో చుట్టి తెచ్చుకోండి."

2. అందరూ మర్చిపోయేది గొడ్ల సంగతి. వాటికి చోటు చూపించకపోతే ఇంటికొకరు కాపలా ఉండిపోతారు, ఆ ఒక్కరి కోసం మిగతావాళ్లూ ఆగుతారు. మెరక చోటు ముందే చూసి, అదీ అదే మెసేజ్‌లో రాయండి. కట్టేసి వదిలెయ్యొద్దని, పలుపులు విప్పమని చెప్పండి.

3. 2014లో హుద్‌హుద్‌కి విశాఖలో కరెంటూ పోయింది, ఫోన్లూ పోయాయి. అందుకే ముందురోజే టముకు వేయించండి. గుడి, చర్చి, మసీదు మైకులు అడిగితే కాదనరు.

ఒంటరి ముసలివాళ్ల ఇంటికి మాత్రం మనిషే వెళ్లాలి.